సగం చెక్కిన ఏనుగు

కొయ్యబొమ్మలు సరదాగా చెక్కేవాళ్లు పూర్తయిన బొమ్మనే నలుగురికీ చూపిస్తారు. చూపించాల్సింది చేతిలో నడుస్తున్న పనిని. హైదరాబాద్ తూర్పున ఉన్న ఉప్పల్, నాచారం ప్రాంతానికి అలా చూపించుకోవడం మొదలుపెట్టగల వసతి, మనుషులు, చెక్క మూడూ ఉన్నాయి.

జానెడు వేపచెక్క. దాని మీద పెన్సిల్‌తో గీసిన ఏనుగు. తొండం వంపు తేలింది, వీపు గుండ్రబడింది, కాళ్ల మధ్య చెక్క సగం రాలిపోయింది. చెవి దగ్గరికొచ్చేసరికి ఉలి ఆగింది. చెక్కలో పోగులు తల నుంచి తోక వైపు పొడుగ్గా సాగుతున్నాయి. చెవి మాత్రం మెడ దగ్గర్నుంచి పక్కకు విచ్చుకోవాలి. అంటే చెవిలో మిగిలేవన్నీ పొట్టి పోగులే. పలచగా చెక్కితే చిన్న దెబ్బకే పేడు లేచి ఊడిపోతుంది. మందంగా వదిలేస్తే అది చెవిలా ఉండదు, తలకు తగిలించిన పలకలా ఉంటుంది. మెడకు ఆనించి చెక్కాలా, వెనక్కి వాల్చి పోగుల దారికి దగ్గరగా తేవాలా, లేక విడిగా చెక్కి అతకాలా? తెలిసినవాళ్లు పక్కనుంటే రెండు నిమిషాల్లో తేలే విషయం. బాల్కనీలో ఒంటరిగా కూర్చున్న మనిషికి మాత్రం అది వారం రోజుల సందేహం. చాలాసార్లు ఆ సందేహం విరిగిన చెవితోనే తీరుతుంది.

మిగతా చేతిపనులకూ చెక్కడానికీ ఉన్న తేడా ఇక్కడే తెలుస్తుంది. మట్టిబొమ్మకు ముక్కు చిన్నదైతే ఇంకాస్త మట్టి అద్దొచ్చు. అల్లిక తప్పితే విప్పి మళ్లీ అల్లుకోవచ్చు. రంగు తేడా వస్తే ఆరాక మరో పూత వేయొచ్చు. చెక్క మీద నుంచి ఒకసారి లేచిన పెచ్చు తిరిగి రాదు. కాబట్టి ఈ పనిలో సలహాకు ఒక వేళ ఉంది. బొమ్మ పూర్తయ్యాక చూసినవాళ్లు బాగుందనో, చెవి కొంచెం లావైందనో అంటారు. ఆ మాట ఎంత నిజమైనా ఆ బొమ్మకు పనికిరాదు. అదే మాట వారం ముందు వినిపించి ఉంటే బొమ్మ మారేది, చెక్కినవాళ్ల చెయ్యీ మారేది. అందుకే నా వాదన ఇది: చెక్కేవాళ్లు కలుసుకోవాల్సింది పూర్తయిన బొమ్మల ప్రదర్శనలో కాదు, సగంలో ఉన్న బొమ్మల చుట్టూ. ఫోన్లో ఫొటో పంపించుకుంటే సరిపోదా అంటే, సరిపోదు. పోగులు ఎటు తిరిగాయో ఫొటో చెప్పదు. బొమ్మను వెలుగులో తిప్పి, బొటనవేలితో తడిమి, ఇక్కడ ఇంకో నూలు మందం తీయొచ్చని చెప్పేవాళ్లు ఎదురుగా ఉండాలి.

ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. ఇల్లు కట్టేచోటే కొట్టం వేసుకుని వడ్రంగి వారాల తరబడి పనిచేసిన రోజులు తెలంగాణ పల్లెల్లో చాలామందికి గుర్తే. దర్వాజ నిలబెట్టడం పండగలాంటి ముహూర్తం అయితే, దానికి ముందు ఆ దర్వాజ తయారవడాన్ని వాడంతా చూసేది. గజలక్ష్మి ఎక్కడ కూర్చుంటుందో బొగ్గుతో గీయడం, తీగ ముందు చెక్కి పువ్వును తరవాత లేపడం, బాడిసతో పెద్ద పెచ్చులు తీసి ఉలికి అప్పగించడం, ఇవన్నీ పిల్లలు గోడ మీద కూర్చుని చూసినవే. పని నేర్పుతున్నామని ఎవరూ అనుకోలేదు, నేర్చుకుంటున్నామనీ ఎవరూ అనుకోలేదు. ఇప్పుడు తలుపు పాలిష్‌తో సహా లారీలో దిగుతోంది. మొదలు టింబర్ డిపోలో, చివర మన గుమ్మంలో కనిపిస్తాయి. మధ్యలో జరిగేది ఎవరి కంటికీ ఆనదు. 2024 జనవరిలో ప్రాణప్రతిష్ఠ జరిగిన అయోధ్య రామాలయానికి తలుపులు మన బోయినపల్లి సంస్థే తయారుచేసిందని గర్వంగా చెప్పుకున్నాం, చెప్పుకోవాల్సిందే. ఆ తలుపులను చెక్కడానికి తమిళనాడు శిల్పులు వచ్చారన్నది కూడా అప్పుడే వార్తల్లో వచ్చింది. వాళ్ల నైపుణ్యానికి నమస్కారం పెడుతూనే, ఆ పనిని మన కుర్రాళ్లు ఎంతమంది పక్కన నిలబడి చూడగలిగారని అడగాలి.

ఏనుగు చెవి సంగతికి మళ్లీ వద్దాం. ఈ చిక్కును తెలుగు పనివాళ్లు ఎప్పుడో విప్పారు, అదీ ఒకదానికొకటి విరుద్ధమైన రెండు దారుల్లో. కొండపల్లిది మొదటి దారి. అక్కడ వాడేది తెల్లపొణికి. చేతిలోకి తీసుకుంటే బరువే తెలియని మెత్తటి కర్ర. ఎండబెట్టిన పొణికి నుంచి ఒళ్లు ఒకటి, చేతులొకటి, తొండమొకటి విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. అతుకు దగ్గర ఎత్తుపల్లాలను ఆ మక్కుతోనే సరిచేసి, సున్నపు పూత వేసి, రంగులు దిద్దుతారు. ప్రతి భాగానికీ పోగులు దాని పొడవు వెంట నడిచేలా కర్రను ఎంచుకునే వీలు అందులో ఉంది. అంబారీ ఏనుగు ఎన్ని చేతులు మారినా చెక్కుచెదరకుండా ఉండటంలో ఆ తెలివి ఉంది. బొబ్బిలి వీణది రెండో దారి. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో చేసే ఏకాండి వీణలో కుండా, దండీ ఒకే పనస దుంగలోంచి రావాలి. అక్కడ అతుకు అన్న ఆలోచనే ఉండదు. అందుకే దుంగను ఎంచుకోవడంలోనే సగం పని అయిపోతుంది. బీటలు ఎక్కడున్నాయి, కణుపు ఎక్కడ పడుతుంది అన్నది మొదటి గొడ్డలివేటుకు ముందే తేల్చుకోవాలి. మన వేపచెక్క ఏనుగుతో తల పట్టుకున్న మనిషికి ఈ రెండు దారులూ తెలిస్తే, ఎంచుకోవడం చేతిలో పని. తెలియకపోతే అది అదృష్టం మీద పని. ఆ మనిషి కొండపల్లి బొమ్మను ఇంట్లో షోకేసులో ఏళ్లుగా చూస్తూనే ఉండొచ్చు. రంగు కింద అతుకు కనిపించదు కాబట్టి అసలు పాఠం కూడా కనిపించదు. పూర్తయిన బొమ్మ తన రహస్యాన్ని దాచేసుకుంటుంది.

నిర్మల్ బొమ్మలకూ ఈ మాట వర్తిస్తుంది. అక్కడి నకాషీలు కూడా పొణికితోనే చేస్తారు.

ఇక ఉప్పల్, నాచారం ఎందుకంటారా? మూడు కారణాలు. మొదటిది చోటు. ఉప్పల్ భగాయత్‌లో మూసీ ఒడ్డున 2019లో మినీ శిల్పారామం వచ్చింది. మాదాపూర్ దాకా పోనక్కర్లేకుండా తూర్పు హైదరాబాద్ వాళ్లకు చేతిపనులు చూసే చోటు దొరికింది. మెట్రో దిగితే దగ్గరే. వారాంతాల్లో నాట్య ప్రదర్శనలు కూడా జరుగుతాయి. కానీ అక్కడైనా కొయ్యబొమ్మ అంటే ధర చీటీ అంటించిన బొమ్మే. రెండో కారణం మనుషులు. నాచారం, మల్లాపూర్, ఉప్పల్ పారిశ్రామికవాడలు ఫిట్టర్లను, టర్నర్లను, టూల్‌రూమ్ పనివాళ్లను తరాల పాటు ఈ కాలనీల్లో స్థిరపరిచాయి. యంత్రాల కంపెనీ పేరును నేటికీ మోస్తున్న హెచ్‌ఎంటీ నగర్ నాచారంలోనే ఉంది. బొమ్మ చెక్కడానికీ బేరింగ్ చేయడానికీ సంబంధమేమిటి అనుకోవద్దు. కొత్తగా చెక్కేవాళ్లలో ఎక్కువమంది ఓడిపోయేది చెయ్యి తిరగక కాదు, ఉలి మొద్దుబారి. ఉలి అంచును బొటనవేలి గోరు మీద ఆనిస్తే జారిపోకుండా పట్టుకోవాలి. జారిందంటే పదును లేదు. సానరాయి మీద నూరుతుంటే అంచు వెనక సన్నటి ఇనుపపొర లేస్తుంది, వేలితో అడ్డంగా తడిమితే గరుకుగా తగులుతుంది. తోలుపట్టా మీద వెనక్కి లాగి లాగి ఆ పొరను తీసేసినప్పుడే ఉలికి అసలు పదును. అలాంటి ఉలి పోగులకు అడ్డంగా నడిచినా చెక్క మీద మెరిసే కోత మిగులుతుంది. మొద్దు ఉలైతే అదే చోట పోగులు నలిగి తెల్లగా రేగుతాయి. ఉక్కు అంచు గురించి, ఏ కోణంలో నూరాలి, ఎంత వేడెక్కితే ఉక్కు గుణం పోతుంది అన్న సంగతులు నాచారంలో రిటైరైన ఏ టూల్‌రూమ్ ఫిట్టర్‌ని అడిగినా చెప్తారు. అడిగేవాళ్లూ చెప్పేవాళ్లూ ఒకే వీధిలో ఉండి ఒకరికొకరు తెలియకపోవడమే ఇక్కడి లోటు.

ఉప్పల్‌లోనే సర్వే ఆఫ్ ఇండియా ఉంది. పటంలో ఒకే ఎత్తున్న చోట్లను గీతలతో కలిపి కొండను కాగితం మీద పడుకోబెట్టడం వాళ్ల విద్య. పలక మీద ఉబ్బెత్తు నగిషీ చెక్కేవాళ్లు చేసేది సరిగ్గా దానికి తిరగేసిన పని: ముక్కు ఒక ఎత్తులో, చెంప ఒక ఎత్తులో, నేపథ్యం అన్నింటికన్నా లోతులో అని గీతలు గీసుకుని, మెట్లు మెట్లుగా దిగడం. పటాల మనుషులు ఒక సాయంత్రం కూర్చుని ఈ లెక్క వివరిస్తే చెక్కేవాళ్లకు ఎంత మేలో ఊహించుకోండి. మూడో కారణం చెక్క. దాని దగ్గరికి కాసేపట్లో వస్తాను, ముందు అభ్యంతరాలు చూద్దాం.

మొదటి అభ్యంతరం తేలిగ్గా తీసుకోదగ్గది కాదు, ఎందుకంటే దాని వెనక పూరీ జగన్నాథుడి కథ ఉంది. దేవశిల్పి తలుపులు మూసుకుని విగ్రహాలు చెక్కుతానన్నాడు, మధ్యలో తెరవొద్దని షరతు పెట్టాడు. రాణి గుండిచ ఆత్రానికి ఇంద్రద్యుమ్న మహారాజు గడువుకు ముందే తలుపు తీయించాడు. శిల్పి మాయమయ్యాడు, విగ్రహాలు చేతులు పూర్తికాకుండానే మిగిలిపోయాయి. సగంలో ఉన్న పనిని చూడకూడదన్న మన పెద్దల మాటకు, దిష్టి భయానికి ఇంతకంటే గట్టి ఆధారం ఏముంటుంది? విగ్రహానికి కళ్లు చివరనే తెరవాలన్న నియమం కూడా ఉంది. పూజామూర్తి విషయంలో ఆ నియమాన్ని గౌరవించాల్సిందే. కానీ కథను చివరిదాకా వినాలి. అసంపూర్తిగా మిగిలిన ఆ రూపాన్నే లోకం నెత్తిన పెట్టుకుంది. నవకళేబరం జరిగిన ప్రతిసారీ, చివరిగా 2015లో కూడా, వేపదారువుతో అదే రూపాన్ని మళ్లీ చెక్కారు. సగం చెక్కిన రూపం సిగ్గుపడాల్సింది అని ఆ సంప్రదాయం ఎక్కడా అనలేదు. పైగా సరదాగా చెక్కేవాళ్లు తలుపు మూసుకునేది నియమం కోసం కాదు, నవ్వుతారేమో అన్న బెరుకుతో. ఆ బెరుకు పోవాలంటే పక్కవాళ్ల బల్ల మీద కూడా విరిగిన చెవి కనిపించాలి.

రెండో అభ్యంతరం నాకు అన్నింటికన్నా బరువైనది. సరదాగా చెక్కేవాళ్లు పెరిగితే, ఆ పనే తిండి పెట్టే కుటుంబాల సంగతేమిటి? జీతం వేరేచోట వస్తున్న మనిషి, పెట్టిన గంటలకు లెక్క కట్టకుండా బొమ్మను కారుచౌకగా అమ్మేస్తే, బతుకుతెరువుగా చెక్కేవాళ్ల ధర పడిపోతుంది. ఈ భయం నిజమైనదే. కొండపల్లి బొమ్మలకు, ఏటికొప్పాక లక్క బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది కాబట్టి ఆ పేర్లు పెట్టి మరొకరు అమ్ముకోవడానికి చట్టం ఒప్పుకోదు. కానీ పేరు వాడకుండా నమూనాను కాపీ కొట్టేవాళ్లను చట్టం ఒక్కటే ఆపలేదు; చెక్కేవాళ్లు తమకు తాము గీసుకున్న గీత ఆపాలి. దశావతారాలు, అంబారీ ఏనుగు నేర్చుకోవడానికి చెక్కుకోవచ్చు, అమ్మకానికి కాదు. పొణికి జోలికి అసలు పోకూడదు. ఆ చెట్లు తగ్గిపోయి పనివాళ్లకే కర్ర దొరకని పరిస్థితిలో సరదా కోసం దాన్ని కొనడం వాళ్ల కంచంలో చెయ్యి పెట్టడమే. అలాగే ఎర్రచందనం, గంధం చెక్క ముక్క ఎవరైనా రహస్యంగా ఇస్తామన్నా ముట్టుకోకూడదు, అది నేరం కూడా. ఈ గీతలు గీశాక మాత్రం నా అనుమానం తిరగబడుతుంది. చేతి బొమ్మకు ఆ ధరేమిటని శిల్పారామంలో బేరమాడేవాళ్లు ఎవరు? ఒక్క చెంచా కూడా చెక్కి ఎరగనివాళ్లు. మూడు ఆదివారాలు కూర్చుని ఒక గరిటె గుంటను నున్నగా తీయలేకపోయినవాళ్లు ఉదయగిరి చెక్క గరిటెల ముందు నిలబడి బేరమాడరు. ఏటికొప్పాకలో సహజరంగుల పద్ధతికి ప్రాణం పోసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చినప్పుడు, అంకుడు కర్ర, లక్క, తరిమెన ఎలా కలుస్తాయో తెలిసినవాళ్లు నగరంలో మరికొంతమంది ఉండి ఉంటే ఆ గౌరవం ఇంకా లోతుగా అర్థమయ్యేది.

మూడో అభ్యంతరం యంత్రం. సీఎన్‌సీ రూటర్‌లో ఫైలు పెడితే గంటల్లో పూజామందిరం తలుపు తయారవుతోంది, ఇక చేత్తో ఎందుకు అని అడుగుతారు. యంత్రం మీద నాకు కోపం లేదు. ఇంటికి తలుపు కావాల్సినవాళ్లకు అది మంచి పనే చేస్తోంది. అయితే దాని పనిని దగ్గరగా చూడండి. గుండ్రంగా తిరిగే బిట్ లోపలి మూలకు వెళ్లినప్పుడు మూల గుండ్రంగానే మిగులుతుంది, ఆకు మొన దగ్గర నీడ మొద్దుబారుతుంది. ఉలి మొన ఆ మూలలోకి రెండు వైపుల నుంచి దిగి చిన్న పెచ్చును ఎగరగొడితేనే అక్కడ నల్లటి నీడ పడి ఆకు లేచి నిలబడుతుంది. ఇంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి. యంత్రానికి బొమ్మ మొత్తం ముందే తెలిసి ఉండాలి. చేతికి అక్కర్లేదు. లోపల కణుపు తగిలితే యంత్రం దాని మీదుగా వెళ్లిపోతుంది. మనిషి ఆగి, ఆ కణుపును ఏనుగు కన్నుగా మార్చుకుంటారు. నేను మాట్లాడుతున్న సగం బొమ్మ అనేది చేతిపనిలోనే ఉంది.

ఇప్పుడు చెక్క. చెట్లు నరికి బొమ్మలా అని అడిగేవాళ్ల ఆవేదన సబబైనది. కానీ నగరం రోజూ చెక్కను పారేస్తోంది. గాలివానకు విరిగిన మామిడి కొమ్మలు, కరెంటు తీగల కోసం కొట్టేసిన కొమ్మలు మునిసిపల్ ట్రాక్టర్ ఎక్కుతాయి. 2021లో రాష్ట్రమంతటా వేపచెట్లకు శిలీంధ్రం సోకి కొమ్మలు ఎర్రగా మాడిపోయాయి. చాలా చెట్లు మళ్లీ చిగిర్చినా, ఎండిన కొమ్మలు పొయ్యిల్లోకే పోయాయి. వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టడానికి అనుమతి కావాలి, కాబట్టి చెట్టు కోసం చూడకుండా రాలిన కొమ్మ కోసం చూడటమే దారి. ఇక నాచారం పారిశ్రామికవాడలో యంత్రాలు దిగుమతయ్యే ప్యాకింగ్ పెట్టెల, ప్యాలెట్ల పైన్ చెక్క ఉంది. కొత్తగా చెక్కేవాళ్లకు మెత్తగా, పొడిగా దొరికే చెక్క అదే. ఒక్క జాగ్రత్త కావాలి: అంతర్జాతీయ రవాణా ప్యాలెట్ల మీద ముద్ర ఉంటుంది. అందులో హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసిన చెక్క, తీసుకోవచ్చు. ఎంబీ అని ఉంటే పురుగుల కోసం విషవాయువు పట్టించినది, వదిలేయాలి. పచ్చి కొమ్మ దొరికితే మన మే నెల ఎండే దాని శత్రువు. చివరలు మధ్యభాగం కన్నా ముందే ఆరిపోయి నక్షత్రంలా బీటలు వారతాయి. దొరికిన రోజే దుంగను నడిమి దవ్వ వెంట నిలువునా చీల్చి, రెండు చివరలకు మైనమో పాత పెయింటో పూసి, గోనెసంచిలో నీడన పెట్టాలి. అంగుళం మందానికి సుమారు ఏడాది అన్నది లెక్క. అంత ఓపిక లేనివాళ్లు చెంచాలు పచ్చి చెక్కలోనే మొదలుపెట్టొచ్చు, పచ్చిది మెత్తగా తెగుతుంది. ఇలాంటి చిన్న విషయాలే ఒకరి నుంచి ఒకరికి అందాల్సినవి.

అపార్ట్‌మెంట్‌లో చప్పుడు, దుమ్ము అన్న అభ్యంతరానికి సగం జవాబు కత్తిలో ఉంది. చేతికత్తితో చెక్కితే చప్పుడుండదు, రాలేవి పెచ్చులే. దుమ్ము లేచేది గరుకు కాగితం పట్టినప్పుడు. దాన్ని మాత్రం తక్కువ చేసి చూడకూడదు. కర్రపొడిని 1995లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. వంటగది పక్క బాల్కనీలో ఆ పని చేయకూడదు. మిగతా సగం జవాబు ఉమ్మడి చోటు. ఆస్ట్రేలియాలో 1990ల్లో రిటైరైన మగవాళ్ల కోసం ఊరుమ్మడి వర్క్‌షాపులు మొదలయ్యాయి. మెన్స్ షెడ్ అని పిలిచే ఆ షెడ్లు ఇప్పుడు ఆ దేశంలో వెయ్యికి పైగా ఉన్నాయి. ఉద్యోగం వదిలాక ఎవరితో మాట్లాడాలో తోచని మనుషులు పని చేస్తూ పక్కపక్కన నిలబడటం వల్ల మాట్లాడుకుంటున్నారన్నదే వాటి కథ. చేతిపని పెద్దవాళ్లకే కాదు, పిల్లలకూ కావాలని ఫిన్లండ్ 1866లోనే దాన్ని బడుల్లో పాఠంగా పెట్టింది. స్వీడన్ ఇప్పటికీ ఆడామగా పిల్లలందరికీ చెప్తోంది. 1937లో వార్ధాలో గాంధీజీ ముందుకు తెచ్చిన విద్యావిధానంలోనూ చేతిపనే పునాది. ఉమ్మడి చోటు సంగతికొస్తే, మన దగ్గర బ్లూ లైన్ మెట్రోకు ఈ చివర నాగోల్ పక్కనే ఉప్పల్ ఉంటే, ఆ చివర రాయదుర్గంలో 2023లో ప్రారంభమైన టీ-వర్క్స్ అనే వర్క్‌షాపు ఉంది. అక్కడ చెక్కపనికి చక్కటి యంత్రాలున్నాయి, కొత్త వస్తువు తయారుచేసేవాళ్లకు అది వరం. ఆ స్థాయి ఖర్చేమీ ఇక్కడ అక్కర్లేదు. ఇక్కడ కావాల్సింది నీడ, ఊగని బల్ల, దానికి బిగించిన రెండు పట్టుకొయ్యలు, ఒక సానరాయి.

మినీ శిల్పారామంలో నెలకో ఆదివారం అలాంటి బల్ల వేయొచ్చు. వచ్చేవాళ్లు పూర్తయిన బొమ్మ తేకూడదు, సగంలో ఉన్నదే తేవాలి. వెంట ఒక ప్రశ్న ఉండాలి, బాగుందా అని కాకుండా, ఇక్కడ ఎలా దిగాలి అని. ఆ రోజు బల్ల దగ్గర అమ్మకం ఉండకూడదు. కొండపల్లి, నిర్మల్ పనివాళ్లను, కొయ్య విగ్రహాలు చెక్కే మాధవమాల పనివాళ్లను ఏడాదిలో నాలుగైదు సార్లు పిలిస్తే, ప్రయాణం ఖర్చుతో పాటు రోజు కూలికి తగ్గని గౌరవవేతనం ఇచ్చి పిలవాలి. ఊరికే సలహా అడగడం వాళ్ల విద్యను అవమానించడమే. బడిపిల్లలు చూడటానికి రావచ్చు, కత్తి పట్టేది పెద్దవాళ్లు పక్కనున్నప్పుడే. ఆ బల్ల మీదికి మన వేప ఏనుగు వస్తే కొండపల్లి మనిషి చెవి తీసేసి వేరే ముక్కతో అతకమనవచ్చు, పోగులు నిలువుగా ఉన్న ముక్క చూపించి. మాధవమాల మనిషి ఒప్పుకోకపోవచ్చు. ఏనుగు నిలబడి వింటోందనుకుని చెవిని మెడకు ఆనించి, కింది అంచును మాత్రమే వేలు మందం లేపమనవచ్చు. రిటైరైన ఫిట్టరు ఈ ఇద్దరినీ ఆగమని, ముందు ఆ ఉలి ఇలా ఇవ్వండి అని సానరాయి దగ్గరికి తీసుకుపోవచ్చు.